ఎన్ని?

ముప్పై ఒక్కసారి
వెనక్కి తిరిగి, వంగి, వలలోంచి బంతి తీసినోణ్ణి నేను.
ఆ లెక్క నాకంటే బాగా ఎవరికీ తెలీదు.
మిగతా పదిమందికి తల దించుకుంటే సరిపోతుంది.
గోలీకి అట్లా కుదరదు, నడుం కూడా వంచాల.

పాత సారు రిటైరయ్యి
కప్పులున్న బీరువా తాళం ప్రిన్సిపాలు చేతికిచ్చి పోయినాడు.
జూలైలో తిప్పేస్వామి సారు వచ్చినాడు
రాయదుర్గం బస్సు దిగి,
ఒక రెగ్జిన్ బ్యాగుతో, కుడికాలు కొంచెం ఈడుస్తా.
మొదటి నెలంతా బంతే ఇయ్యల్యా.
తలా ఒక సిమెంటు సంచి ఇచ్చి
"గ్రౌండులో రాళ్లేరండి" అన్నాడు.

గుంతకల్లు నేల సంగతి ఈయనకేం తెలుసనుకున్నాం.
ఎంత ఏరినా ఒక్క వాన పడితే చాలు,
మళ్లీ కొత్తవి తేల్తాయి.
కుళ్లాయప్ప ఉండబట్టలేక అడిగినాడు:
"సారూ, ఇది ఫుట్‌బాల్ టీమా, కరువు పనా?"
సారు నవ్వల్యా.
వానికి ఇంకో సంచి ఇచ్చినాడు.

ఆయనకి ఒకటే పిచ్చి, బంతి నేల మీదే పోవాల.
"గాల్లోకి తంతే అది గాలిది.
నేల మీద పంపితే నీ పక్కనోడిది."
మాకు వచ్చిందేమో ఒకటే:
తన్ను, ఉరుకు, దేవునికి మొక్కు.

ఆదోనిలో ఐదు.
మేం నేల మీద పంపిన ప్రతి బంతీ
అడ్రసు రాసి పోస్టు చేసినట్టు
వాళ్ల కాళ్లకే పోయింది.
హిందూపురంలో ఆరో గోలు తర్వాత
స్కోరు రాసే పిల్లోడు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు,
పాపం, మళ్లీ తీయాల్సొచ్చింది.
నంద్యాలలో మబ్బు కమ్మితే
ఆట ఆపుతారని ఆశపడినాం.
ఆపల్యా. వానలో ఇంకా రెండు.

టీ అంగడి కాడ అనేవాళ్లు:
"రాళ్లు బాగా ఏర్తారంటనే, గెలిచేదే రాదంట."
కాంపౌండు గోడ మీద ఎవరో బొగ్గుతో రాసినారు, రాళ్ల టీము అని.
ప్రిన్సిపాలు బీరువా అద్దం తుడిపించి
సారును పిలిపించి చూపించినాడంట, కప్పు కప్పునా.

మా నాయన రైల్వేలో కీమ్యాను.
దినామూ పట్టాల వెంబడి నడిచి
వదులైన చోటల్లా సుత్తితో బిగించి వస్తాడు.
గెలిచినారా అని ఎప్పుడూ అడగడు.
సంగటి ముద్ద ముందర కూచుని
"ఎన్ని?" అంటాడు.
"ఏడు."
ఊరిబిండి అద్దుకుంటా
"ఏ పక్క నుంచి?"
"ఎడమ పక్క నుంచే ఐదు నాయనా."
"అయితే ఆ పక్క వదులుండాది."

మర్నాడు సారు కూడా ఆ మాటే అన్నాడు.
లెఫ్ట్ బ్యాకు ఎర్రిస్వామిని గట్టు మీద కూచోబెట్టి
బూట్లు విప్పమన్నాడు.
వాళ్లన్నవి. ఒక సైజు చిన్నవి.
రెండు బొటనవేళ్లూ నల్లగా ఉన్నాయి.
సీజనంతా వాడు ఎవరికీ చెప్పల్యా.
సారు రెగ్జిన్ బ్యాగులోంచి
గుడ్డలో చుట్టిన జత ఒకటి తీసినాడు,
ఎడమదాని కంటే కుడిది తక్కువ అరిగింది.

ఆఖరాట మా గ్రౌండులోనే, గుత్తి వాళ్లతో.
మూడు పడినాయి.
ఇంక పది నిమిషాలుందనగా
బంతి గట్టిగా తన్నబోయి, ఎందుకో ఆగి,
ఎర్రిస్వామికి నేల మీద దొర్లించినా.
వాడు ఖలందర్‌కి, ఖలందర్ ఇమ్మానుయేలుకి,
మళ్లీ ఎర్రిస్వామికి.
యాడా ఎగరల్యా. ఒక్క రాయి తగల్యా.
నేను ఆ కొసన ఒక్కణ్ణే నిలబడి చూస్తాండా
మా బంతి మాకే ఉండటం.
గోడ అవతల గూడ్సు బండి పోతానే ఉంది.
కుళ్లాయప్ప కొట్టినాడు.
పోస్టుకు తగిలి బయటికి పోయింది.
సారు లేచి నిలబడి, మళ్లీ కూచున్నాడు.

రాత్రి నాయన,
"ఎన్ని?"
"మూడు."
కొంచెం ఆగి చెప్పినా:
"ఇంకొకటుంది. లెక్కలోకి రాదు. మనం కొట్టింది, పోస్టుకి తగిలింది."
"ఏ పక్క నుంచి పోయింది?"
"ఎడమ పక్క నుంచి."
నాయన ఏమీ అనల్యా.
చెయ్యి కడుక్కొని, లాంతరు ఒత్తి సరిచేసి
సుత్తి భుజానేసుకొని
నైట్ డ్యూటీకి పోయినాడు.